పేరు లేని స్టాండు

తిరువూరు బస్టాండు వెనక సందులో ఇందిరాదేవి కొట్టంటే చుట్టుపక్కల పెళ్ళి వీడియోలు తీసేవాళ్ళందరికీ తెలుసు. బోర్డు మీద ఇంకా స్టూడియో అనే ఉంటుంది గానీ, ఫోటో దిగడానికి మనుషులు రావడం మానేసి పదేళ్ళు దాటింది. ఇప్పుడక్కడ గోడ పొడవునా కెమెరా స్టాండ్లు ఆనించి ఉంటాయి. అన్నీ వాడినవే. మూతపడ్డ స్టూడియోల నుంచి వచ్చినవి కొన్ని, బెజవాడ పాత సామాన్ల అంగళ్ళ నుంచి వచ్చినవి కొన్ని, ఎక్కడివో ఎవరూ చెప్పలేనివి కొన్ని. సగానికి పైగా వాటికి కంపెనీ పేరే ఉండదు. పేరున్నదానికి కూడా అది ఎవరో అంటించిన స్టిక్కరే అయి ఉంటుంది.

అలాంటిదొకటి తెచ్చి ముందు పెడితే, అది నిలబడేదో పడేదో ఇందిరాదేవి చెప్పేసేది. ఎక్కువ మాట్లాడేది కాదు. మూడు కాళ్ళూ పూర్తిగా లాగి, ఒక్కో కాలినీ బండ మీద దొర్లించి వంకర ఉందేమో చూసేది. లాగిన కాలిని బిగించే క్లిప్పు వేస్తే వచ్చే శబ్దం వినేది. టక్కుమంటే సరే, మెత్తగా మూసుకుంటే పక్కన పెట్టేసేది. క్లిప్పు మొదట్లో ప్లాస్టిక్కు తెల్లబడిందేమో గోటితో గీకి చూసేది. తలకాయ పట్టుకుని అటూ ఇటూ తిప్పేది. కెమెరా కూర్చునే ప్లేటు దానిదేనా, వేరేదాన్ని అరగదీసి ఇరికించారా అని వెలుతురుకి పెట్టి చూసేది. అంతా అయ్యాక "ఉంచుకో బాబూ" అనో, "వద్దులే" అనో అనేది. అంతే.

ఆమె చదివింది వినగడపలో ఐదో తరగతి. ఈ విద్య నేర్పింది భర్త బ్రహ్మయ్య. అది కూడా ఆయన చేతులు చచ్చుబడ్డాకే. పక్షవాతం వచ్చి కుర్చీకి అతుక్కుపోయినప్పుడు, రెండేళ్ళ పాటు ఆమే ఆయనకి చేతులయింది. ఆయన మాట ముద్దగా వచ్చేది. ఆమెకి తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు.

"పేరు వెతక్కే ఇందిరా. పేరు చూస్తే కళ్ళు మూసుకుపోతాయి. ముందు కాళ్ళు చూడు."

"కాళ్ళు బాగానే ఉన్నాయిగా."

"బరువు పెట్టకుండా ఎవరి కాళ్ళయినా బాగానే ఉంటాయి. సంచి తగిలించు."

సంచిలో ఇటుకలు వేసి స్టాండు నడిమి కొక్కేనికి వేలాడదీయాలి. ప్రతి కాలి మీదా, సరిగ్గా క్లిప్పు అంచున, సుద్దముక్కతో ఒక గీత గీయాలి. అన్నం వండి వార్చేంత సేపు ఆగి చూడాలి. గీత కనబడుతుంటే కాలు నిలిచినట్టు. గీత క్లిప్పులోకి దూరిపోతే కాలు దిగినట్టు.

"ఠపీమని పడేదాంతో భయం లేదు. పడుద్దని ముందే తెలుస్తది," అనేవాడు బ్రహ్మయ్య. "మెల్లగా దిగేదే చంపుద్ది. చూస్తూనే ఉంటాం, కనపడదు."

ఆయన పోయి పద్నాలుగు నెలలు. పోయిన దసరా ఏటి సూతకంలోనే గడిచింది, కొట్టు తలుపు కూడా తీయలేదు. ఈ దసరాకి మాత్రం ఆయుధ పూజ చేయకపోతే మనసొప్పలేదు. పక్షవాతం రాకముందు ఏటేటా ఆ పూజ ఆయనే కొట్లో చేసుకునేవాడు, ఆ వేళకి ఆమె ఇంట్లో పులిహోర కలుపుతూ ఉండేది. ఆయన కుర్చీలో ఉన్న రెండేళ్ళూ పూజే జరగలేదు. ఆయన ఆ స్టాండ్లని దేంతో తుడిచేవాడో ఆమె ఎన్నడూ చూడలేదు. పుట్టింట్లో కొడవళ్ళూ, పారలూ, కత్తిపీటా కడిగి నూనె రాసి బొట్టు పెట్టడం చూసింది. అదే చేసింది.

ఒక్కో స్టాండు కాళ్ళూ పూర్తిగా లాగి, కొబ్బరినూనె గుడ్డ మీద పోసి తుడవడం మొదలుపెట్టింది. కాసేపటికి గుడ్డ పక్కన పడేసి అరచేత్తోనే రాసింది. రెండేళ్ళు పొద్దునా సాయంత్రం ఆయన కాళ్ళకి నూనె రాసిన చేతులవి. మోకాలి దగ్గర ఆగి, కాస్త నొక్కి, కిందికి జారేవి. ఇప్పుడూ అలాగే జారాయి. ఎంత సేపు రాసిందో ఆమెకే తెలియదు. పక్క కొట్లో జాకెట్లు కుట్టే సాయిదుర్గ వచ్చి గుమ్మంలో నిలబడేదాకా తల ఎత్తలేదు.

"కొత్తవాటిలా మెరిసిపోతున్నాయక్కా!" అంది సాయిదుర్గ.

"బొట్లు నువ్వు పెట్టమ్మా," అంది ఇందిరాదేవి, కుంకుమ గిన్నె ఆమె వైపు జరిపి.

తప్పు అక్కడే జరిగింది. కొడవలికి నూనె రాస్తే తుప్పు పట్టదు. స్టాండు కాలికి రాస్తే, కాలు మడిచినప్పుడు ఆ నూనె క్లిప్పు లోపలికి పాకుతుంది. పొడిగా ఉంటేనే క్లిప్పుకి పట్టు. కార్తీకం చలి మొదలయ్యాక ఆ నూనె లోపలే పేరుకుని, గట్టిపడి, ఏమీ ఎరగనట్టు కూర్చుంది. ఇందిరాదేవికి ఈ సంగతి తెలియదు. దసరా తర్వాత ఫోన్లు పెట్టుకునే చిన్న స్టాండ్లు రెండు అమ్ముడుపోయాయి గానీ, బరువు మోసేది ఒక్కటీ గడప దాటలేదు.

కార్తీకంలో ఒక గురువారం పొద్దున ఆరున్నరకి, ఆమె కొట్టు ముందు నీళ్ళు చల్లుతుండగా గిరిబాబు బండి వచ్చి ఆగింది. గిరిబాబుది పెనుగొలను. కెమెరా పట్టుకోవడం బ్రహ్మయ్య దగ్గరే నేర్చుకున్నాడు.

"ఏరా గిరీ, ఇవాళ మీ చెల్లెలి పెళ్ళిగా! ఇక్కడున్నావేంటి?"

"ఏం చెప్పమంటారు పిన్నిగారూ! నా స్టాండు మీదికి పందిరి గుంజల ట్రాక్టరు ఎక్కింది. ఊరందరి పెళ్ళిళ్ళూ తీసినవాణ్ణి, సొంత చెల్లెలి పెళ్ళికి వీడియో లేదంటే మా సాయిప్రసన్న నన్ను పీటల మీద నుంచే తిడుద్ది. ఆ పెద్దది ఇప్పించండి."

పెద్దదంటే గోడ మూలన ఉన్న నల్ల స్టాండు. ఎ.కొండూరులో మూతపడ్డ స్టూడియో నుంచి వచ్చింది. పేరు ఉండాల్సిన చోట ఎవరో బ్లేడుతో గీకేసిన మచ్చ ఉంది. బ్రహ్మయ్య చివరిగా చూసిన స్టాండది. దసరాకి ముందు కూడా ఆమె దానికి సంచి తగిలించి చూసింది. గీత వెంట్రుకవాసి కదల్లేదు. అప్పుడు గిరిబాబు కూడా పక్కనే ఉన్నాడు.

"ఎక్కడ పెడతావు?" అని అడిగింది. బ్రహ్మయ్య ఎవరినైనా అడిగే మొదటి మాట అదే.

"మా డాబా మీద. ఇంకా పిట్టగోడ కట్టలేదుగా, అంచున పెడితే మండపం మొత్తం వస్తది. ఇంటి గోడకీ మండపానికీ మధ్య పట్టాలు పరుస్తున్నాం. ఆడవాళ్ళంతా అక్కడే కూర్చుంటారు. వాళ్ళ చీరలు కూడా పడాలంట వీడియోలో!"

"నువ్వు కెమెరా దగ్గరే ఉంటావుగా?"

"నేనెక్కడ ఉంటానండీ? పెళ్ళికూతురి అన్నని. ఆన్ చేసి పెట్టేసి కిందికి దిగిపోవడమే."

ఇందిరాదేవి చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. "ఒక్క గంట ఆగరా. సంచి తగిలించి చూస్తాను."

"గంటా! పదిన్నరకి ముహూర్తం, ఇంటి దగ్గర పనులన్నీ నా మీదే ఉన్నాయి. దసరాకి ముందు జారంది ఇప్పుడు జారుద్దా? బాబాయి చూసిన స్టాండు పిన్నిగారూ ఇది. నాకు దీని మీదున్న నమ్మకం మా బావ మీద కూడా లేదు."

ఆమె స్టాండు కాళ్ళు లాగి, క్లిప్పులు వేసి, రెండు చేతులూ పైన పెట్టి బరువంతా మోపింది. కదల్లేదు. ఇంకా గట్టిగా నొక్కింది. రాయిలా నిలబడింది. కానీ చేయి తీసేటప్పుడు అరచేతికి ఏదో చల్లగా, తడిగా అంటింది. పొద్దుటి మంచేమో అనుకుని కొంగుకి తుడుచుకుంది.

"ముందు కాలు అంచు వైపు పెట్టు. కెమెరా ఎటు వంగితే అటు ఒక కాలుండాలి," అని చెప్పి పంపింది. ఆయన చెప్పిన మాటే, తప్పు మాట కాదు. గిరిబాబు స్టాండుని బండికి అడ్డంగా కట్టుకుని వెళ్ళిపోయాడు. సందు మలుపులో దాని మూడు కాళ్ళూ ఒకసారి గాలిలో ఊగి కనబడకుండా పోయాయి.

తొమ్మిది దాటాక యోసేపు మాస్టారు వచ్చాడు. లెక్కల మాస్టారు, రిటైరయ్యాడు. పాఠాలు వీడియో తీసి పిల్లలకి పంపాలని సరదా.

"అమ్మా, నాలుగు కాళ్ళది లేదా? నేను ముప్పై ఏళ్ళు చెప్పినా మావాళ్ళు బెంచీ మీద తిన్నగా కూర్చోలేదు. మూడు కాళ్ళదంటే నాకు అనుమానం."

ఇందిరాదేవి కొంచెం నవ్వింది. ఒక స్టాండు తీసి కొట్టు ముందు ఎండలో పెట్టి, ఇటుకల సంచి తగిలించి, సుద్దతో మూడు గీతలు గీసింది. మాస్టారు టీ చెప్పించుకున్నాడు. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. గ్లాసు ఖాళీ అయ్యేలోపు ఆమె వంగి చూసింది. ఒక కాలి మీద గీత లేదు.

తుడిచిపోయిందేమో అనుకుంది. మళ్ళీ గీసింది. ఈసారి కళ్ళు తిప్పకుండా చూసింది. తెల్లటి గీత, నీళ్ళలో మునిగే మనిషి చేతివేలులా, క్లిప్పు కిందికి మెల్లగా పోయింది. వెనకే క్లిప్పు అంచున ఒక చుక్క తళతళలాడింది. వేలితో తీసి వాసన చూసింది.

కొబ్బరినూనె.

లోపలికి పరిగెత్తి ఇంకొకటి తెచ్చింది. దాని కాళ్ళూ నూనెతో మెరుస్తున్నాయి. ఇంకొకటి. అదీ అంతే. దసరా నాడు తన చేయి ఎక్కడెక్కడ ఆగిందో, ఎక్కడెక్కడ జారిందో అంతా ఒక్కసారి కళ్ళ ముందు తిరిగింది. పొద్దున ఆరున్నరకి చలి. పేరుకున్న నూనె బిగపట్టుకుని ఉంది. ఇప్పుడు ఎండ. డాబా మీద నీడ ఉండదు. నల్లటి కాళ్ళు ఇంకా వేడెక్కుతాయి. ముందు కాలు అంచు వైపు పెట్టమని తనే చెప్పింది.

"మాస్టారూ, మీరు రేపు రండి," అంది.

గిరిబాబుకి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేసింది. మేళం మోగే చోట జేబులో ఫోను ఎవరికి వినబడుతుంది? నాలుగోసారి కూడా ఎత్తకపోయేసరికి చెప్పులు వేసుకుంది.

సాయిదుర్గ మిషను ఆపి బయటికి వచ్చింది. "ఎక్కడికక్కా ఆ కంగారు?"

"పెనుగొలను. గిరిగాడి చెల్లెలి పెళ్ళికి."

"ముహూర్తం వేళకా? నువ్వా..." అని సాయిదుర్గ నాలుక కరుచుకుంది. మిగిలిన మాట ఇద్దరికీ తెలుసు. ఆయన పోయాక ఇందిరాదేవి ఏ పెళ్ళి గుమ్మమూ ఎక్కలేదు. ఎవరూ వద్దనలేదు, ఎవరూ పిలవనూ లేదు.

"కొట్టు చూస్తుండమ్మా," అని ఆటో ఎక్కింది.

ఆటో అంకారావుది. గంపలగూడెం రోడ్డు మీద గుంతలు తప్పించుకుంటూ తోలుతున్నాడు. రెండు పక్కలా పత్తి తెల్లగా విచ్చుకుని ఉంది. ఎండ ఆమె మోకాలి మీద పడుతోంది. ఆ వెచ్చదనం కొంచెం కొంచెం పెరగడం ఆమెకి తెలుస్తూనే ఉంది. ఇక్కడింత ఉంటే అక్కడెంత ఉంటుంది? కాలు ఇప్పటికి ఎంత దిగి ఉంటుంది? బెత్తెడా? అంతకంటే ఎక్కువా?

"పెళ్ళికి పోతా చేతిలో ఏమీ లేదేంటమ్మా? కనీసం గోడ గడియారం కూడా లేదు," అన్నాడు అంకారావు.

"కొంచెం తొందరగా పోనీ అంకారావ్."

"ఇంతకంటే తొందరగా పోతే మన ఇద్దరికీ వేరే బాజాలు మోగుతాయమ్మా." అద్దంలో ఆమె మొహం చూశాడు. ఎక్సలేటరు గట్టిగా తిప్పాడు.

ఊళ్ళోకి వెళ్ళేసరికి సన్నాయి వినబడింది. ఆటో ఆగకముందే ఆమె తల బయటికి పెట్టి డాబా వైపు చూసింది. నల్ల స్టాండు అంచున నిలబడి ఉంది. కెమెరా, దాని మీద లైటు, ఇంత బరువూ ముందుకు ఒరిగి ఉన్నాయి. కింద ఎవరో పిలిస్తే పలకడానికి మనిషి వంగినట్టు వంగి ఉన్నాయి. ముందు కాలు వెనక రెంటికంటే మూరెడు పొట్టిగా ఉంది. దాని కింద, గోడ పక్కన పట్టాల మీద, పాతికమంది ఆడవాళ్ళు పట్టుచీరల్లో కూర్చుని మండపం వైపు మెడలు చాచి చూస్తున్నారు. పైకి చూసినవాళ్ళు ఒక్కరూ లేరు.

పందిరి మొదట్లో పెళ్ళికొడుకు తల్లి సరోజినీదేవి నిలబడి ఉంది. పరుగున వచ్చే ఈ మనిషి ఎవరో ఆమెకి తెలియదు. బొట్టు లేని నుదురు మాత్రం కనబడింది. చేయి అడ్డం పెట్టింది.

"ఎవరమ్మా నువ్వు? జీలకర్ర బెల్లం పెడుతున్నారు. ఒక్క ఘడియ అక్కడే ఆగు తల్లీ, ఏమీ అనుకోకు."

"పైన... కెమెరా... లేవమనండమ్మా వాళ్ళని!" అంది ఇందిరాదేవి. అదే క్షణాన డోలు ఎత్తుకుంది. తన మాట తనకే వినబడలేదు. డాబా మెట్లు అవతలి పక్కన ఉన్నాయి. అంతదూరం వెళ్ళే వ్యవధి లేదని ఆమె కళ్ళకి తెలుసు. స్టాండు వెనక కాళ్ళలో ఒకటి నేల నుంచి లేస్తోంది.

అడ్డం ఉన్న చేతిని తోసేసింది. జన్మలో ఎవరినీ అలా తోయలేదు. సూటిగా పట్టాల మీదికి వెళ్ళి, ముందు వరసలో కూర్చున్న ఒకామె ఒళ్ళో నిద్రపోతున్న చంటిపిల్లని అమాంతం ఎత్తుకుని, మండపం దాటి వీధి వైపు పరుగు తీసింది.

"పిల్ల! నా పిల్ల! పట్టుకోండి దాన్ని!"

తల్లి లేచింది. పక్కవాళ్ళు లేచారు. ఒకరిని చూసి ఒకరు, ఏం జరిగిందో తెలియకుండానే, పట్టాలన్నీ వదిలి ఆమె వెంటపడ్డారు. ఎవరి చేయో ఆమె జడ అందుకుంది. ఇంకెవరో వీపు మీద చరిచారు. అప్పుడు వెనక ధడేలుమని చప్పుడయింది.

డోలు ఆగింది. సన్నాయి ఒక్క స్వరం మీద వేలాడి అదీ ఆగింది.

ఖాళీ పట్టా మీద కెమెరా ముక్కలై ఉంది. లైటు పగిలి గాజు అంతటా చింది ఉంది. స్టాండు తలకాయ, ఇంతకుముందు ఆ తల్లి కూర్చున్న చోట, పట్టా చించుకుని నేలలో గుచ్చుకుంది. ఇందిరాదేవి చేతుల్లో పిల్ల మేలుకుని ఏడుపు ఎత్తుకుంది. తల్లి లాక్కుంది, పిల్లని చూసింది, ఆ గుచ్చుకున్న ఇనుముని చూసింది.

ఒక్కరికీ గీత కూడా పడలేదు. కానీ ఆ నిశ్శబ్దంలో పెళ్ళికొడుకు వైపువాళ్ళలో గుసగుస మొదలైంది.

"ఆవిడ అడుగుపెట్టిందో లేదో పడింది."

"సరిగ్గా ముహూర్తానికి."

"ఎవరంట? ఎవరు పిలిచారంట?"

పీటల మీద సాయిప్రసన్న తల ఎత్తలేదు. నెత్తి మీద జీలకర్ర బెల్లం, దాని మీద పెళ్ళికొడుకు చేయి ఇంకా అలాగే ఉన్నాయి.

గిరిబాబు పరుగున వచ్చాడు. పొట్టిపడ్డ కాలు చూశాడు, క్లిప్పు ముట్టుకున్నాడు, వేళ్ళు చూసుకున్నాడు. అతనికి అర్థమైపోయింది.

"గాలికి పడిందని చెప్తాను," అన్నాడు మెల్లగా. "మీరు ఆటో ఎక్కండి పిన్నిగారూ. ఎవరూ మిమ్మల్ని ఏమీ అనరు."

ఎక్కేదే. జడ విడిపోయి, వీపు మండుతూ, అందరి కళ్ళూ మీద ఉన్న ఆ చోటు నుంచి పారిపోవడం తప్ప ఆమెకి వేరే కోరిక లేదు. కానీ ఆవాళ గాలి ఎక్కడుంది? పందిరి ఆకు కూడా కదలడం లేదు. తను వెళ్ళిపోతే ఇక్కడ మిగిలే మాట ఒక్కటే, అపశకునమని. మెల్లగా దిగే మాట. రేపు అత్తింట్లో పాలు పొంగిపోయినా, ఎవరికి జ్వరం వచ్చినా, దాన్ని ఆ పెళ్ళికూతురి నెత్తినే పెడతారు.

ఇందిరాదేవి వెళ్ళి స్టాండు పైకి లేపింది. ముందు కాలు పూర్తిగా లాగి క్లిప్పు వేసింది. తీసుకెళ్ళి సరోజినీదేవి ముందు నిలబెట్టింది.

"ఇది శకునం కాదమ్మా," అంది. "నాది తిరువూరు. ఇలాంటివి చూసి మంచీ చెడూ చెప్పడం నా పని. దసరాకి తెలియక దీని కాళ్ళకి నూనె రాశాను. పొద్దున చల్లగా ఉంది, నిలబడింది. ఎండకి కరిగింది, జారింది. తప్పు నాది. ఈ పిల్లది కాదు, ముహూర్తానిది కాదు. చూడండి."

అరచేయి పైన ఆనించి మెల్లగా నొక్కింది. అందరూ చూస్తుండగా ముందు కాలు చప్పుడు లేకుండా లోపలికి దిగిపోయింది.

సరోజినీదేవి వంగింది. వేలితో ఆ కాలిని పై నుంచి కింది దాకా రాసింది. వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది.

"కొబ్బరినూనే," అంది తన వాళ్ళ వైపు తిరిగి. "విన్నారుగా. ఎవరూ ఇంకో మాట అనొద్దు. పంతులుగారూ, కానివ్వండి."

గుసగుస ఆగింది. గిరిబాబు గట్టిగా ఊపిరి వదిలాడు. డోలుగాళ్ళు మళ్ళీ కర్రలు తీసుకున్నారు. ఇందిరాదేవి స్టాండు మడిచి చంకన పెట్టుకుని వెనక్కి తిరిగింది.

అప్పుడు సరోజినీదేవి ఆమెకి మాత్రమే వినబడేలా, దాదాపు బతిమాలుతున్నట్టు అడిగింది.

"నువ్వు చెప్పింది నిజమేనమ్మా. నా వేలికే అంటింది. కానీ నెల రోజులు కదలంది, సరిగ్గా నా కొడుకు ఆ పిల్ల తల మీద చేయి పెట్టినప్పుడే కరగాలా?"

ఇందిరాదేవి చంకలో స్టాండు సర్దుకుంది. మూడు కాళ్ళ సంగతి ఎంతైనా చెప్పగలదు, ఈ సంగతి చెప్పడం ఆమె వల్ల కాదు.

గట్టిమేళం మోగింది. అందరూ అక్షింతలు పట్టుకుని మండపం వైపు తిరిగారు. సరోజినీదేవి కూడా చేయి ఎత్తింది. ఆమె గుప్పిట్లో అక్షింతలు అలాగే ఉన్నాయి. చూపు మాత్రం కొడుకు మీద లేదు, కోడలి మీద లేదు. ఖాళీగా ఉన్న డాబా అంచు మీదే ఉంది.